సెలీనియం మాత్ర ఎవరికి మేలు, ఎవరికి చేటు?

ప్రశ్న: నా వయసు 44. ఆరేళ్లుగా థైరాయిడ్ తక్కువగా ఉందని రోజూ 75 మైక్రోగ్రాముల థైరాక్సిన్ వేసుకుంటున్నాను. యాంటీ టీపీఓ అనే యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నాయని పరీక్షలో వచ్చింది. జుట్టు బాగా ఊడుతోందంటే డల్లాస్‌లో ఉండే మా చెల్లెలు, యాంటీబాడీలు కూడా తగ్గుతాయని చెప్పి, 200 మైక్రోగ్రాముల సెలీనియం అనే ఖనిజపు మాత్రల సీసా, బ్రెజిల్ నట్స్ పొట్లం ఒకటి పంపింది. రెండు నెలలుగా రోజుకొక మాత్ర, ఒక వీడియోలో చెప్పినట్లు మూడు గింజలు తింటున్నాను. చర్మవైద్యులు జుట్టు కోసం రాసిన క్యాప్సూల్ కూడా వేసుకుంటున్నాను; అందులో బయోటిన్, జింకు, సెలీనియం 70 మైక్రోగ్రాములు అని ఉంది. అయినా జుట్టు ఊడటం తగ్గలేదు, పైగా గోళ్లు పెళుసుగా విరుగుతున్నాయి. మావారికి 53 ఏళ్లు, షుగరు సరిహద్దులో ఉంది. ప్రోస్టేటుకు మంచిదని ఆయన కూడా ఆ మాత్రే వేసుకుంటున్నారు. మా 13 ఏళ్ల అమ్మాయికి ఇవ్వవచ్చా? మేము మాంసం, చేపలు తినము. గుడ్డు, పాలు, పెరుగు తీసుకుంటాము. ఉప్పు మాత్రం అయోడిన్ ఉప్పు మానేసి సైంధవ లవణం వాడుతున్నాము.
– ఒక పాఠకురాలు, తణుకు

సమాధానం: ముందుగా చేయవలసిన పని చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. సెలీనియం మాత్ర, బ్రెజిల్ నట్స్ రెండూ మీరు ఈ రోజే ఆపండి. మీవారిని కూడా ఆ మాత్ర మానమని చెప్పండి. అమ్మాయికి మాత్రం అసలు మొదలుపెట్టవద్దు. జుట్టు క్యాప్సూల్ సంగతి మీ చర్మవైద్యులను కలిసి, ఇంతకాలం ఇంకా ఏమేమి తీసుకున్నారో చెప్పి తేల్చుకోండి. అంతవరకు అది కూడా పక్కన ఉంచితే నష్టమేమీ లేదు. థైరాక్సిన్ మాత్రను మాత్రం ఒక్క రోజు కూడా ఆపకూడదు. ఇలా ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. "మాత్రలన్నీ ఆపేశాను" అంటూ అవసరమైన మందును కూడా మానేసి, రెండు నెలల తరువాత నీరసంతో, ఉబ్బిన ముఖంతో వైద్యుల దగ్గరికి వెళ్లేవారు ఎప్పుడూ ఉంటారు.

మీరు రోజూ ఎంత తీసుకుంటున్నారో ఒకసారి కూడి చూద్దాం. మాత్రలో 200 మైక్రోగ్రాములు ఉంది. బ్రెజిల్ నట్స్‌లో ఒక్కొక్క గింజకు 68 నుంచి 91 మైక్రోగ్రాములు ఉంటుందని అమెరికా ఆరోగ్య సంస్థలు చాలాకాలంగా చెబుతున్న లెక్క. ఆ ప్రకారం మూడు గింజలంటే 200 నుంచి 270 దాకా అవుతుంది. క్యాప్సూల్‌లో మరో 70. అంటే అన్నం, పప్పు, గుడ్డు, పెరుగుల ద్వారా వచ్చేది లెక్కలోకి తీసుకోకుండానే 470 నుంచి 540 మైక్రోగ్రాములు. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవారికి రోజుకు కావలసింది 40 మైక్రోగ్రాములు. అమెరికాలో ఆ అంకె 55. ఇంతకు మించి రోజూ తీసుకోవడం మంచిది కాదని అమెరికా పెట్టిన గరిష్ఠ పరిమితి 400 మైక్రోగ్రాములు కాగా, ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో ఆ పరిమితిని 255కు తగ్గించింది. మీ చెల్లెలు పంపిన మాత్ర ఒక్కటే, దేనితోనూ కలవకుండా ఉన్నా, మన దేశపు అవసరానికి ఐదు రెట్లు. అయితే మీకు హాని జరిగి ఉంటే అది ఒక్క మాత్ర వల్ల కాదు. మాత్ర చెల్లెలి సలహా, గింజలు ఏదో వీడియో సలహా, క్యాప్సూల్ వైద్యుల సలహా. మూడు చోట్ల నుంచి వచ్చిన మూడింటినీ కలిపి లెక్క చూసినవారు ఎవరూ లేరు.

బ్రెజిల్ నట్స్ గురించి మరొక మాట చెప్పాలి. అవి అమెజాన్ అడవుల్లో, ప్రధానంగా బొలీవియా, బ్రెజిల్, పెరూ దేశాల్లో పెరిగే ఎత్తైన చెట్ల గింజలు. ఆ చెట్టు నేలలోని సెలీనియాన్ని లాగి గింజలో దాచుకుంటుంది. ఏ నేలలో ఎంత ఉంటే గింజలో అంత ఉంటుంది కాబట్టి ఒక ప్రాంతపు గింజకూ మరొక ప్రాంతపు గింజకూ ఎన్నో రెట్ల తేడా కనిపిస్తుంది. పొట్లం మీద ఆ అంకె ఉండదు. "రోజుకు మూడు గింజలు తినండి, మందు అక్కరలేదు" అని కెమెరా ముందు కూర్చుని చెప్పేవారికి తమ చేతిలో ఉన్న గింజలో ఎంత ఉందో తెలిసే అవకాశమే లేదు. ఎప్పుడైనా ఒక గింజ తింటే భయపడవలసింది లేదు. రోజూ లెక్కపెట్టి మందులా తినడానికి మాత్రం ఆ గింజ తగినది కాదని నా అభిప్రాయం.

ఇక మీ జుట్టు, గోళ్ల విషయం. సెలీనియం శరీరంలో ఎక్కువైనప్పుడు మొదట కనిపించే లక్షణాల్లో ప్రధానమైనవి ఈ రెండే: జుట్టు ఊడటం, గోళ్లు పెళుసుబారి విరగడం. నోట్లో లోహపు రుచి, తినకపోయినా ఊపిరిలో వెల్లుల్లి వాసన, వికారం, విరేచనాలు, చర్మం మీద దద్దుర్లు, నీరసం, చిరాకు కూడా ఉండవచ్చు. మోతాదు ఇంకా పెరిగితే నరాలు దెబ్బతిని చేతులు, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. జుట్టు ఊడకుండా ఉండాలని వేసుకునే మాత్రే మోతాదు మించితే జుట్టును ఊడగొడుతుందన్న సంగతి ఆ సీసా మీద పెద్ద అక్షరాలతో ముద్రించవలసినది. కానీ మీ జుట్టు ఈ మాత్రలకు ముందే ఊడుతోంది, థైరాయిడ్ తక్కువగా ఉన్నవారిలో జుట్టు, గోళ్లు రెండూ బలహీనపడటం మామూలే. కాబట్టి నేరమంతా సెలీనియం మీద మోపలేము. అనుమానించడానికి మాత్రం తగినంత కారణం ఉంది. ఆపేస్తే శరీరం దానంతట అది కొద్దివారాల్లో, నెలల్లో తగ్గించుకుంటుంది, విరుగుడు మందు ఏదీ అక్కరలేదు. మీ వైద్యులకు అవసరమనిపిస్తే రక్తంలో సెలీనియం పరీక్ష చేయించవచ్చు. సీరంలో డెసీలీటరుకు 8 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే లోటు లేదని అర్థం. ఆ పరీక్ష చేయించదలిస్తే ఆలస్యం చేయకుండా చేయించాలి, మాత్ర మానేసి మూడు నెలలయ్యాక చూస్తే ఇప్పటి పరిస్థితి తెలియదు. వెంట్రుకలు కత్తిరించి పంపితే ఖనిజాలన్నీ చెబుతామనే ప్యాకేజీల జోలికి మాత్రం వెళ్లకండి. చుండ్రు షాంపూలో వాడే సెలీనియం సల్ఫైడు వెంట్రుకల్లో చేరి అంకెను మార్చేస్తుంది.

మోతాదు తప్పితే ఏమవుతుందో చూపిన సంఘటన ఒకటి 2008లో అమెరికాలో జరిగింది. ఒక ద్రవరూప పోషక సప్లిమెంటు తయారీలో పొరపాటు జరిగి, ఒక మోతాదులో 200 మైక్రోగ్రాములు ఉండవలసిన చోట 40,800 మైక్రోగ్రాములు, అంటే దాదాపు 200 రెట్లు పడింది. పది రాష్ట్రాల్లో 201 మందికి విషలక్షణాలు కనిపించాయి. వారిలో మూడింట రెండు వంతులకు పైగా మందికి జుట్టు ఊడింది, చాలామందికి విరేచనాలు, కీళ్ల నొప్పులు, గోళ్ల రంగు మారడం వంటివి వచ్చాయి. కొందరిని ఆ బాధలు మూడు నెలలు దాటినా వదలలేదు. అది మీ పరిస్థితికి ఎన్నో రెట్లు పెద్ద మోతాదు, కాబట్టి భయపెట్టడానికి చెప్పడం లేదు. సప్లిమెంటు సీసాలో ఏముందో తయారుచేసినవారికి తప్ప మరెవరికీ తెలియదనీ, వారికి కూడా ఒక్కొక్కసారి తెలియదనీ గుర్తుంచుకోవాలని చెబుతున్నాను. సందర్భం వచ్చింది కాబట్టి మరొకటి: సీసా మీద ఉన్నది మైక్రోగ్రాములో మిల్లీగ్రాములో చూసుకోవడం అలవాటు చేసుకోండి. 200 మైక్రోగ్రాములు అంటే 0.2 మిల్లీగ్రాము మాత్రమే. మీ థైరాక్సిన్ 75 కూడా మైక్రోగ్రాములే.

మరి ఇంత ప్రమాదకరమైనది శరీరానికి ఎందుకు అవసరం? స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ 1817లో ఈ మూలకాన్ని కనుగొన్న తరువాత శతాబ్దానికి పైగా దీనిని విషంగానే చూశారు. 1930లలో అమెరికాలోని దక్షిణ డకోటా ప్రాంతంలో పశువుల గిట్టలు ఊడిపోవడానికి కారణం మేతలోని సెలీనియమని తేలింది. 1957లో క్లాస్ ష్వార్జ్ అనే శాస్త్రవేత్త, అతి స్వల్పంగా ఇచ్చిన సెలీనియం ఎలుకల కాలేయాన్ని దెబ్బతినకుండా కాపాడుతోందని చూపడంతో అది పోషకాల జాబితాలోకి వచ్చింది. మనిషి శరీరంలో సెలీనియం ఉన్న ప్రోటీన్లు 25 రకాలు. వాటిలో కొన్ని కణాల్లో పుట్టే పెరాక్సైడ్లను విరిచివేస్తాయి. మరికొన్ని థైరాయిడ్ గ్రంథి తయారుచేసే టీ4 అనే హార్మోనును శరీరం వాడుకునే టీ3గా మారుస్తాయి. గ్రాము లెక్కన చూస్తే శరీరంలో ఎక్కువ సెలీనియం ఉండే అవయవాల్లో థైరాయిడ్ ముందుంటుంది. ఇక్కడివరకు మీరు విన్నది నిజమే. వీడియోల్లో చెప్పనిది దీని తరువాతిది: ఈ ప్రోటీన్లకు కావలసినంత సెలీనియం అందిన తరువాత, ఇంకా ఎంత పోసినా అవి ఎక్కువగా పనిచేయవు. పైగా మీ మాత్రల్లో సాధారణంగా ఉండే సెలీనోమెథియోనిన్ అనే రూపాన్ని శరీరం ప్రోటీన్ల తయారీకి వాడే మామూలు మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం అనుకుని కండరాల్లో, ఇతర ప్రోటీన్లలో ఇముడ్చుకుంటుంది. మిగులు అలా పేరుకుంటుంది. ఉప్పు చాలని పప్పులో చిటికెడు వేస్తే రుచి వస్తుంది, సరిపోయిన పప్పులో అదే చిటికెడు వేస్తే తినలేము. సెలీనియం విషయంలో తేడా ఏమిటంటే, మన పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో నాలుకకు తెలియదు.

అది తెలియవలసింది నేలను బట్టి. మొక్కకు సెలీనియం అవసరమన్న నియమం లేదు, నేలలో ఉన్నంత తీసుకుంటుంది. కాబట్టి ఒకే ధాన్యం ఒక ఊళ్లో కొరతను, మరొక ఊళ్లో విషాన్ని తెస్తుంది. ఈ రెండూ ఒకే దేశంలో, చైనాలో, కనిపించాయి. ఈశాన్యాన హేలుంగ్‌జియాంగ్ రాష్ట్రంలోని కేషాన్ అనే ప్రాంతంలో 1935లో గుండె కండరం దెబ్బతిని చిన్నపిల్లలు, ప్రసవ వయసు స్త్రీలు చనిపోతున్నట్లు గుర్తించారు. అటువంటి నేలల్లో పండినది తప్ప వేరే తిండి లేని రైతు కుటుంబాలకు రోజుకు 20 మైక్రోగ్రాముల సెలీనియం కూడా అందేది కాదు. ఆ కొరతకు ఒక రకం వైరస్ తోడై గుండెను దెబ్బతీసేదని తరువాత తెలిసింది. సిచువాన్ రాష్ట్రంలోని మియాన్‌నింగ్ ప్రాంతంలో 1974 నుంచి 1977 వరకు పిల్లలకు సోడియం సెలీనైట్ అనే సెలీనియం లవణపు మాత్రలు ఇచ్చి చూస్తే జబ్బు గణనీయంగా తగ్గిపోయింది. సెలీనియం మాత్ర ప్రాణాలు నిలిపిన సందర్భం ఇది, దీనిని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. అదే చైనాలో హూబే రాష్ట్రంలోని ఎన్షీ ప్రాంతంలో బొగ్గు పొరల్లో నిండి ఉన్న సెలీనియం నీటిలో కరిగి పొలాల్లోకి చేరింది. 1961 నుంచి 1964 మధ్య కరవు వచ్చి వరి పోయి, ఆ నేలలో పండిన మొక్కజొన్న, కూరగాయల మీదే బతకవలసి వచ్చినప్పుడు, అన్నిటికన్నా దెబ్బతిన్న ఐదు ఊళ్లలో దాదాపు సగం మందికి జుట్టు, గోళ్లు ఊడిపోయాయి. వారు రోజుకు తింటున్నది సుమారు 5 మిల్లీగ్రాములని తరువాత లెక్కగట్టారు.

మన దేశంలో కూడా పంజాబులోని నవాన్‌షహర్ (ఇప్పటి షహీద్ భగత్ సింగ్ నగర్), హోషియార్‌పూర్ జిల్లాల్లో కొన్ని ఊళ్ల పొలాలు ఇలాంటివే. శివాలిక్ కొండల నుంచి వాన నీటితో కొట్టుకువచ్చిన మట్టిలో సెలీనియం ఎక్కువగా ఉండి, అక్కడి మేత తిన్న పశువుల గిట్టలు, కొమ్ములు దెబ్బతిన్నాయి, ఆ గోధుమలే తినే మనుషుల్లో కూడా జుట్టు, గోళ్ల మార్పులు కనిపించాయి. దీనికి పూర్తిగా భిన్నమైన కథ ఫిన్లాండుది. తమ నేలల్లో సెలీనియం చాలా తక్కువని గ్రహించిన ఆ దేశం 1984లో ఎరువుల్లోనే సెలీనియం కలపాలని నిర్ణయించింది. రక్తంలో అంకెలు అనుకున్నదానికన్నా ఎక్కువ పెరిగేసరికి 1990 ప్రాంతంలో ఆ మోతాదును తగ్గించి, 1998లో మళ్లీ కొంత పెంచింది. ప్రజలందరినీ ఏళ్ల తరబడి కొలుస్తూ, అంకె చూసి చేయి తిప్పుకున్న పద్ధతి అది. సీసా తెచ్చుకుని ఇంట్లో మొదలుపెట్టేవారికి ఆ కొలత ఉండదు.

మీ ఇంటి విషయానికి వస్తే, తెల్లని బియ్యం ఒక్కటే ఆధారమైతే సెలీనియం తక్కువగానే అందుతుంది. కానీ మీరు గుడ్డు, పాలు, పెరుగు తీసుకుంటున్నారు. ఒక గుడ్డులో సుమారు 15 మైక్రోగ్రాములు ఉంటుందని అమెరికా ఆహార పట్టికలు చెబుతాయి. మన ఫారం కోళ్ల దాణాలో కలిపే ఖనిజ మిశ్రమాల్లో సెలీనియం ఉండటం మామూలే కాబట్టి, గోదావరి జిల్లాల గుడ్డు మీకు ఈ విషయంలో దగ్గరి వనరు. దానికి పప్పు, పుట్టగొడుగులు, వారంలో కొన్ని పూటలు గోధుమ రొట్టె తోడైతే 40 మైక్రోగ్రాములు చేరడం కష్టం కాదు. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పట్టికల్లో సెలీనియం అంకెలు ఉన్నాయి, ఆసక్తి ఉంటే చూడవచ్చు. అయితే అవి సగటులేనని, మీ ఊరి పంటకు అక్షరాలా వర్తించవని గమనించాలి. చేపలు తినేవారికి ఈ చింతే లేదు. ప్రేగుల్లో ఎక్కువ భాగం తీసివేసిన ఆపరేషన్ అయినవారు, నోటి ద్వారా కాక రక్తనాళం ద్వారా పోషణ పొందేవారు, డయాలసిస్‌లో ఉన్నవారు వేరు. వారికి లోటు నిజంగా రావచ్చు, వారి సంగతి వారి వైద్యులు చూసుకుంటారు.

యాంటీబాడీల అంకె తగ్గుతుందన్న మాటకు ఆధారం లేకపోలేదు. 2002లో జర్మనీలో, శరీరపు రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద దాడిచేసే హషిమోటో వ్యాధి ఉన్నవారికి రోజుకు 200 మైక్రోగ్రాముల సోడియం సెలీనైట్ మూడు నెలలు ఇచ్చినప్పుడు యాంటీ టీపీఓ అంకె తగ్గినట్లు చూపారు. మీ చెల్లెలు చెప్పిన 200 అంకె మూలం ఇటువంటి పరిశోధనల్లోనే ఉంది. కానీ అంకె తగ్గడం వేరు, గ్రంథి కోలుకోవడం వేరు. అటువంటి ప్రయోగాలన్నిటినీ 2013లో కలిపి పరిశీలించిన కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష, హషిమోటో రోగులకు సెలీనియం ఇవ్వాలనడానికి గానీ వద్దనడానికి గానీ చాలినంత ఆధారం లేదని తేల్చింది. యాంటీబాడీలు తగ్గినంత మాత్రాన మీ 75 మాత్ర 50 కాదు. వైద్యులు చికిత్స చేసేది థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ అనే హార్మోను అంకెను, మీ లక్షణాలను చూసి తప్ప యాంటీబాడీల అంకెను చూసి కాదు. ఒకసారి ఎక్కువని తెలిసిన తరువాత ఆ పరీక్షను మళ్లీ మళ్లీ చేయించడం వల్ల డబ్బు ఖర్చు, మనసుకు దిగులు తప్ప మరేమీ రాదు. సెలీనియానికి నిజంగా చోటు దొరికిన థైరాయిడ్ జబ్బు మరొకటి ఉంది. గ్రంథి అతిగా పనిచేసే గ్రేవ్స్ వ్యాధిలో కళ్లు స్వల్పంగా ఉబ్బినవారికి ఆరు నెలలపాటు రోజుకు రెండుసార్లు 100 మైక్రోగ్రాములు ఇస్తే మేలు కలిగిందని, 159 మంది మీద ఐరోపాలో జరిపి 2011లో ప్రచురించిన పరిశోధన చూపింది. అది వేరే జబ్బు, ఆరు నెలల గడువు, వైద్యుల పర్యవేక్షణ.

అయోడిన్ ఉప్పు మానేశామన్న మీ మాట నన్ను సెలీనియం కన్నా ఎక్కువ ఆలోచింపజేసింది. ఈ రెండు ఖనిజాలకు సంబంధం ఉంది. మధ్య ఆఫ్రికాలోని కాంగో, అప్పట్లో జైర్, ఉత్తర ప్రాంతంలో అయోడిన్, సెలీనియం రెండూ కొరతగా ఉన్నచోట, అయోడిన్ లోటు సరిచేయకుండా ముందు సెలీనియం ఇస్తే థైరాయిడ్ పని ఇంకా క్షీణించిందని 1990ల తొలినాళ్లలో తేలింది. సైంధవ లవణంలో, అయోడిన్ కలిపితే తప్ప, చెప్పుకోదగినంత అయోడిన్ ఉండదు. మీకున్న హషిమోటో అయోడిన్ లేక వచ్చిన జబ్బు కాదు, ఇప్పుడు అయోడిన్ మాత్రలు వేసుకోవలసిన పని కూడా లేదు, వేసుకోకూడదు కూడా. కానీ ఎదిగే వయసులో ఉన్న అమ్మాయికి వంటలోని మామూలు అయోడిన్ ఉప్పు అవసరం. ఇంట్లో దానినే మళ్లీ వాడటం మొదలుపెట్టండి.

అమ్మాయికి సెలీనియం ఎందుకు వద్దన్నానో ఒక్క మాటలో చెప్పవచ్చు. అమెరికా లెక్కల ప్రకారం 9 నుంచి 13 ఏళ్ల పిల్లలకు కావలసింది 40 మైక్రోగ్రాములు, మించరాని పరిమితి 280. మీరు తింటున్న మాత్ర, మూడు గింజలు కలిస్తే ఆ పిల్ల పరిమితి దాటిపోతుంది. రోజూ గుడ్డు పెట్టండి, చాలు.

మీవారి విషయంలో ఆధారాలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. సెలీనియం ప్రోస్టేటుకు మంచిదన్న నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. అమెరికాలో చర్మ క్యాన్సర్ వచ్చి తగ్గిన 1,312 మందికి రోజుకు 200 మైక్రోగ్రాములు ఇచ్చి చూసిన ప్రయోగం 1996లో ప్రచురితమైంది. చర్మ క్యాన్సర్ తగ్గలేదు గానీ ప్రోస్టేటు క్యాన్సర్ తక్కువగా కనిపించింది. ఆ ఆశతోనే 35,533 మంది పురుషులతో 2001లో సెలెక్ట్ అనే భారీ ప్రయోగం మొదలైంది. 2008లో దానిని మధ్యలోనే ఆపవలసి వచ్చింది, ఎందుకంటే సెలీనియం వల్ల ప్రోస్టేటుకు ఏ మేలూ కనిపించలేదు. 2014లో వచ్చిన మరో విశ్లేషణ ఇంకా ఇబ్బందికరమైనది: మొదటి నుంచీ శరీరంలో సెలీనియం ఎక్కువగా ఉన్న పురుషులు మాత్ర కూడా వేసుకున్నప్పుడు, తీవ్రమైన రకం ప్రోస్టేటు క్యాన్సర్ ముప్పు దాదాపు రెట్టింపైంది. ఇక షుగరు సంగతి. పైన చెప్పిన 1996 ప్రయోగంలోనే మొదట షుగరు లేని 1,202 మందిని 2007లో వేరుగా పరిశీలిస్తే, సెలీనియం వేసుకున్నవారిలో 58 మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 39 మందికి టైప్-2 షుగరు వచ్చినట్లు తేలింది. సెలెక్ట్‌లో ఆ తేడా నిర్ధారణ కాలేదన్నది నిజమే. కానీ షుగరు సరిహద్దులో ఉన్న మనిషి, తేలని మేలు కోసం ఇటువంటి అనుమానం ఉన్న మాత్రను రోజూ వేసుకోవడంలో తర్కం నాకు కనబడటం లేదు. మూత్రానికి సంబంధించిన ఇబ్బంది ఏదైనా ఉంటే యూరాలజిస్టును కలవమనండి. లేకపోతే సాయంత్రం నడకే ఆయనకు మందు.

ఇప్పుడు జుట్టు గురించి, మొదట చూడవలసినవి చెబుతాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మీ వయసులో నెలసరి ఎక్కువగా అయ్యేవారికి హిమోగ్లోబిన్ మామూలుగా ఉన్నా ఐరన్ నిల్వలు అడుగంటి ఉండవచ్చు, కాబట్టి హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ పరీక్ష చేయించండి. అది తక్కువగా ఉంటే జుట్టుకు ఎన్ని క్యాప్సూళ్లు వేసినా ఫలితం ఉండదు. రెండవది, మీ థైరాక్సిన్ సరిగ్గా ఒంటికి పడుతోందా అన్నది. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట తరువాతే కాఫీ తాగాలి. మాత్ర నోట్లో వేసుకుని వెంటనే ఫిల్టర్ కాఫీ తాగితే అందులో కొంత భాగం వృథా అవుతుంది. ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు, ఇవి కలిసిన మల్టీవిటమిన్లు ఏవైనా థైరాక్సిన్‌కు నాలుగు గంటల ఎడంగా ఉండాలి. ఫెరిటిన్ తక్కువని ఐరన్ మొదలుపెడితే ఈ ఎడం పాటించడం మరీ ముఖ్యం, లేకపోతే ఒకటి బాగుచేస్తూ మరొకటి పాడుచేసుకున్నట్లవుతుంది.

మూడవది మీ క్యాప్సూల్‌లోని బయోటిన్. అది జుట్టుకు ఎంత మేలు చేస్తుందో పక్కన పెడితే, ఎక్కువ మోతాదులో ఉన్నప్పుడు ల్యాబులు వాడే కొన్ని పరీక్షా పద్ధతులను తప్పుదారి పట్టిస్తుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించి, మోతాదు ఎక్కువైందన్న భ్రమతో మీ థైరాక్సిన్‌ను తగ్గించే ప్రమాదం ఉంది. గత రెండు నెలల్లో ఆ క్యాప్సూల్ వేసుకుంటూ చేయించిన థైరాయిడ్ రిపోర్టు ఏదైనా ఉంటే, ఆ విషయం మీ వైద్యులకు తప్పక చెప్పండి. తదుపరి పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు నుంచి, మోతాదు పెద్దదైతే వైద్యులు చెప్పినన్ని రోజుల ముందు నుంచి బయోటిన్ ఆపాలి. కాఫీ సమయం మార్చుకున్న తరువాత ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి టీఎస్‌హెచ్ చేయించండి. అంతకన్నా ముందు చేయిస్తే మార్పు పూర్తిగా అంకెలోకి రాదు. ఆ రిపోర్టు, ఫెరిటిన్ రిపోర్టు, సెలీనియం సీసా, క్యాప్సూల్ డబ్బా నాలుగూ తీసుకుని ఒకే రోజు ఒకే వైద్యుల ముందు పెట్టండి.